పద్మలత పేరు మీది కారు

పద్మలత కోపం వస్తే అరిచే మనిషి కాదు. ఉల్లిగడ్డల గంప ముందేసుకుని కూర్చుంటుంది. చిన్న కోపమైతే సగం గంప తరుగుతుంది, పెద్ద కోపమైతే గంప ఖాళీ చేస్తుంది. కాజీపేట దారిలో ఉన్న ఆమె కర్రీ పాయింట్‌కు రోజూ వచ్చేవాళ్లకు ఈ సంగతి తెలుసు. కూరలో ఉల్లిగడ్డ ఎక్కువైన రోజున ఎవరూ చిల్లర దగ్గర పేచీ పెట్టుకోరు. పోయిన వానాకాలంలో ఒకనాడు బ్యాంకు నుంచి తిరిగొచ్చి ఆమె గంపతో ఆగలేదు, బస్తా మూతి విప్పింది. భర్త ఎల్లస్వామి కరెంటు పని ముగించుకుని ఇంటికొచ్చేసరికి వంటింట్లో గుట్టగా ఉల్లిగడ్డ ముక్కలు, ఆ గుట్ట వెనక పొడి కళ్లతో భార్య. అన్ని ఉల్లిగడ్డలు కోసినా కంట తడి లేదంటే ఆ కోపం ఎంతటిదో అతనికి అర్థమైంది. చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగి చాయ్ తాగడానికి పోయాడు.

అసలు ఆమె బ్యాంకుకు పోయింది మంచి పని మీదే. మడికొండ ఐటీ పార్కులో ఒక కంపెనీవాళ్లు కొన్నాళ్లుగా ఆమె దగ్గర మధ్యాహ్నం భోజనం బాక్సులు తెప్పించుకుంటున్నారు. టమాట పప్పు, పచ్చిపులుసు, బెండకాయ వేపుడు, వారంలో రెండుసార్లు కోడికూర. ఆమె చేతి రుచి వాళ్లకు బాగా పట్టింది. పట్టనిదల్లా ఆటో. ఆటోవాడు ఒకరోజు వేళకు తెస్తే ఇంకోరోజు అందరూ ఆకలికి టీ బిస్కెట్లు తిన్నాక తెచ్చేవాడు. పచ్చిపులుసు సగం దారిలోనే సీటు తాగేసేది. అక్కడ క్యాంటీన్ చూసుకునే రాంచందర్ సార్ ఒకరోజు ఆమెను పిలిపించి సూటిగా చెప్పాడు.

"అమ్మా, దసరా తర్వాత ఆఫీసు మొత్తం భోజనం మీకే ఇద్దామనుకుంటానం. కని మీకు సొంత బండి ఉండాలె. పన్నెండున్నరకు బాక్సులు టేబుల్ మీదుండాలె. లేదంటరా, హన్మకొండల ఇంకొకాయన రెడీగున్నడు."

వరండాలో రెండు స్టవ్వులతో మొదలుపెట్టిన మనిషి పద్మలత. పొగలో, ఆవిరిలో పదిహేనేళ్లు నిలబడితే ఇప్పుడు వచ్చింది ఇలాంటి మాట. ఇది పోతే ఇంకోటి వస్తుందన్న ఆశ ఆమెకు లేదు. చిట్టీ పాడి ముందు కట్టాల్సిన డబ్బు చేతిలో పెట్టుకుంది. మిగతాదానికి లోను తీసుకుని చిన్న వ్యాను కొందామనుకుంది. చీర కొంగు నడుముకు చుట్టి, గ్రౌండులో డ్రైవింగ్ నేర్పే సారయ్య దగ్గర బండి నేర్చుకుంది. "అక్కా, గేరంటే గరిటె కాదు, గంత గట్టిగ తిప్పకు" అని అతను మొత్తుకునేవాడు. అయినా లైసెన్సు తెచ్చుకుంది.

బ్యాంకులో లోన్లు చూసే అమ్మాయి అనూష. మర్యాదస్తురాలు. కంప్యూటర్లో ఏదో చూసి, మొహం అదోలా పెట్టి, "మేడం, మీ స్కోరు బాగా లేదు" అంది.

"స్కోరేంది బిడ్డా? నేనేమన్న క్రికెట్ ఆడిన్నా?"

"సిబిల్ స్కోరు మేడం. అప్పు తీసుకుని సరిగ్గా కట్టకపోతే పడిపోతుంది."

"నేను అప్పు ముట్టుకోలే. చిట్టీ తప్ప నాకింకోటి ఎరుకనే లేదు."

అనూష స్క్రీన్ ఇటు తిప్పింది. "మీ పేరు మీద ఆల్రెడీ కార్ లోన్ ఉంది కదా మేడం. ఐదు నెలల నుంచి కిస్తీలు కట్టడం లేదు. ఇలా ఉంటే మేమే కాదు, ఏ బ్యాంకూ ఇవ్వదు."

పద్మలత నవ్వింది. "నా పేరు మీద కారా? ఏడుంది? జర సూపియ్యి, ఎక్కి ఇంటికి పోత."

అనూష నవ్వలేదు. బండి రకం చెప్పింది, తెల్ల రంగని చెప్పింది, ఏ నెలలో కొన్నదో చెప్పింది. చెబుతుంటే పద్మలత నవ్వు మెల్లగా జారిపోయింది. ఆ కారు ఆమెకు తెలుసు. దాని తాళంచెవి మొట్టమొదట అందుకున్నది ఆమె చేతులే.

ఇక్కడ ఆమె అన్న వెంకట్రాజం గురించి చెప్పుకోవాలి. సొంత అన్న కాదు, పెదనాన్న కొడుకు. కానీ తోడబుట్టినవాళ్లు లేని పద్మలతకు అన్నయినా, పుట్టిల్లయినా అతనే. నర్సంపేటలో ఇల్లు, ఎనుమాముల మార్కెట్లో మిర్చి దళారీ పని. రైతుకూ ఖరీదుదారుకూ మధ్య నిలబడి ఇద్దరికీ లాభమేనని నమ్మించి తను బాగుపడే నేర్పు అతనిది. ఇస్త్రీ చొక్కా, నాలుగు వేళ్లకు ఉంగరాలు. రాఖీ పండుగకు పద్మలత ఎంత పని ఉన్నా షాపు మూసి నర్సంపేట పోయి రాఖీ కట్టి వచ్చేది. "మా అన్న" అన్నప్పుడు ఆమె గొంతు కాస్త సాగేది.

రెండేళ్ల కింద అతను పొద్దున్నే ఫోన్ చేశాడు. "చెల్లే, కారు తీసుకుంటాన. ఇంటి ఆడిబిడ్డవు నువ్వు. నీ చెయ్యి మంచిది. నీ చేతుల మీదుగ తీసుకుంటే నాకు కలిసొస్తది" అన్నాడు.

ఆ మాటకు పద్మలత పొంగిపోయింది. ఆడిబిడ్డ చేతి మీదుగా మొదలుపెడితే ఇంటికి మంచిదని అనుకునే మనుషులే చుట్టూ అందరూ. బోణీకి పిలుస్తారు, కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి పిలుస్తారు. కారుకు పిలిచాడంటే అన్న తనను ఎంత ఎత్తున పెట్టాడో అనుకుంది. పట్టుచీర కట్టుకుని షోరూముకు పోయింది. ఆధార్ కార్డు, పాన్ కార్డు తెమ్మంటే తెచ్చింది. వరసగా చాలా చోట్ల సంతకాలు పెట్టమన్నారు. "ఇన్నెందుకన్నా?" అంటే, "సాక్షి సంతకాలు చెల్లే. నోటు మీద సాక్షి పెడ్తరు సూడు, గట్లనే" అన్నాడు. ప్రాంసరీ నోటు మీద సాక్షి సంతకం పెట్టడమంటే ఆ ఊళ్లల్లో చాయ్ తాగినంత పని. పెట్టినవాడికి పోయేదేమీ లేదు. ఆమె పెట్టింది. ఫోన్‌కు ఏవో నంబర్లు వస్తే అన్న చేతికే ఫోన్ ఇచ్చింది.

అట్టతో చేసిన పెద్ద తాళంచెవి ఆమెకిచ్చి, దండ వేసి ఫోటో తీశారు. పక్కన బోర్డు మీద ఇంగ్లీషులో ఆమె పేరు రాసి ఉంది. "నా పేరెందుకు రాసిండ్రన్నా?" అని సిగ్గుపడితే, "ఆడిబిడ్డ పేరు గాకుంటే ఎవరి పేరు రాపిస్త?" అన్నాడు వెంకట్రాజం. ఆ మాటకు ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ ఫోటోకు ఫ్రేము కట్టించి షాపులో పెట్టుకుంది. రెండేళ్లపాటు కూర పొట్లం కట్టించుకునే ప్రతివాడికీ ఆ ఫోటో చూపించింది. దొంగ తన మెడలో వేసిన దండను ఊరంతటికీ చూపించుకున్నానన్న సంగతి బ్యాంకు మెట్లు దిగుతుంటే ఆమెకు తెలిసివచ్చింది. డబ్బు కన్నా ఆ సిగ్గు ఎక్కువ కాల్చింది.

అయినా వెంటనే అన్న మీద పడలేదు. ముందు తన దారి తాను చూసుకుందామనుకుంది. ఇంకో బ్యాంకుకు పోయింది, కంప్యూటర్ చూసి తల ఊపారు. షోరూములో లోన్ ఇప్పించేవాడు ఫోన్‌లో చూసి, "మీ పేరు మీద పని కాదక్కా" అన్నాడు. స్టేషన్ దగ్గర ఒక ప్రైవేటు ఫైనాన్సువాడు మాత్రం కుర్చీ వేసి కూల్ డ్రింక్ తెప్పించాడు. "స్కోరు ఖరాబైనోళ్లకు దిక్కు మేమే అక్కా. వడ్డీ జరంత ఎక్కువుంటది. ఇంటి కాయిదం పెట్టుండ్రి, మీరు కట్టకుంటే కట్టెటోళ్లను ఇద్దరిని జమానత్ పెట్టుండ్రి" అన్నాడు. ఆ వడ్డీ లెక్క విన్నాక పద్మలత కూల్ డ్రింక్ ముట్టుకోకుండా లేచింది. అది తాగినా వడ్డీ వేస్తాడని భయపడింది.

అప్పుడు ఫోన్ చేసింది. "అన్నా, తెల్లకారు నా పేరు మీదున్నదట."

అటువైపు వెంకట్రాజం నవ్వాడు. "గదేం పెద్ద ముచ్చట చెల్లే! ట్రాక్టరు కిస్తీలు ఆగి నా సిబిల్ అప్పటికే ఖరాబైంది. నీ పేరు సాఫ్‌గుండె. గందుకని."

"నాకొక్క మాట చెప్పకపోతివి."

"చెప్తే భయపడ్తవని."

"నాకిప్పుడు బండి కావాలన్నా. ఎవడూ లోన్ ఇయ్యనంటాండు. ఆగిన కిస్తీలన్న కట్టు."

"మిర్చి రేటు పడిపోయి నేను సస్తాన. సూద్దాం తీ. అయినా కూరలమ్ముకునేదానికి కారెందుకే? ఆటో లేదా? నీకేం పోయింది గని, నీ జేబులకెల్లి రూపాయి పోయిందా?"

పద్మలత ఫోన్ పెట్టేసింది. గోడ మీది ఫోటో తీసి బియ్యం డబ్బా వెనక పడేసింది. ఎల్లస్వామి ఎప్పటిలాగే, "పోనీయే, అన్ననే గద" అన్నాడు. అతనికి ప్రపంచంలో అన్నీ పోనిచ్చేవే. ఫ్యూజు ఒక్కటే పోకూడదు.

"పోనిస్త" అంది పద్మలత. "బాగ దూరం పోనిస్త."

మర్నాడే ఆ కారుకు లోన్ ఇచ్చిన ఫైనాన్సు ఆఫీసుకు పోయింది. మేనేజరు నిఖిల్ చిన్నవాడే, కానీ ఇలాంటివాళ్లను చాలామందిని చూశాడు. అప్పు నాది కాదు, సంతకం నాది కాదు, మోసం చేశారు అని గొంతు చించుకునేవాళ్లే అందరూ. ఈమె కూడా ఆ పాటే పాడుతుందని మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపి సిద్ధంగా కూర్చున్నాడు.

"ఈ అప్పు నాదే గద బిడ్డా?" అని అడిగింది పద్మలత.

"కాయిదాల ప్రకారం మీదేనమ్మా."

"అయితే కారు కూడ నాదే గద?"

నిఖిల్ మంచినీళ్ల గ్లాసు వెనక్కి జరిపాడు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. "ఆర్సీ మీ పేరు మీదుంది. ఇన్సూరెన్సు మీ పేరు మీదుంది. అప్పు తీరేదాకా మా హక్కుంటది. గది తప్ప కారు మీదే."

"ఇంకోసారి చెప్పు."

"కారు మీదేనమ్మా."

గుడిలో తీర్థం పుచ్చుకున్నంత శ్రద్ధగా ఆ మాట విన్నది. అప్పుడే ఇంకో సంగతీ బయటపడింది. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆమె ఆధార్‌లో పుట్టింటి అడ్రసే, అంటే వెంకట్రాజం ఇంటిదే ఉంది. మార్పించుకోవాలని అనుకోవడమే గానీ తీరలేదు. నోటీసులన్నీ నర్సంపేటకే పోయాయి. కిస్తీల కోసం పిలవడానికని రాసిచ్చిన ఫోన్ నంబరు వెంకట్రాజానిదే. దసరా పోయాక బండిని పట్టుకొచ్చి వేలం వేయడానికి మనుషులను మాట్లాడి పెట్టామని నిఖిల్ చెప్పాడు. అదీ లెక్క. కారు పోయినా వెంకట్రాజానికి పోయేదేమీ లేదు. రెండేళ్లు తిరిగినంత తిరిగాడు. పరువు పోయేది పద్మలతది, ఆపైన ఏ బ్యాంకు గడప తొక్కలేనిదీ పద్మలతే. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు చెల్లెలి పేరును అతను అంత సులువుగా ఖర్చు పెట్టేశాడు.

ఆమె సంచిలోంచి చిట్టీ డబ్బు తీసి బల్ల మీద పెట్టింది. ఆగిన కిస్తీలన్నీ కట్టేసింది. ఫోన్ నంబరు తనది రాయించింది, అడ్రసు తనది రాయించింది, ఆర్సీ నకలు తీసుకుంది. "ఇగ నెలనెలా నేనే కడత. నర్సంపేటకు మాత్రం ఒక్క ఫోన్ పోవద్దు" అంది. స్కోరు ఎప్పటికి బాగవుతుందని అడిగితే, టైముకు కడుతూ పోతే మెల్లగా అవుతుందన్నాడు నిఖిల్. పాడయిన పేరు మీద కొత్తగా లోన్ పుట్టదు. ఆ పేరును పాడుచేసిన లోన్ మాత్రం ఆమెదే. దాన్నే పట్టుకుంది. వ్యాను కోసం దాచినదంతా ఇందులో పోసింది. ఇప్పుడు కారు చేతికి రాకపోతే ఇదీ లేదు, అదీ లేదు. మడికొండ భోజనాలు హన్మకొండ ఆయన పట్టుకుపోతాడు.

అడిగితే వెంకట్రాజం ఇవ్వడని ఆమెకు తెలుసు. ఏ రైతు పత్తి గోదాములోనో దాచి, లేదంటాడు. కేసు పెడితే అది తేలేనాటికి ఇంజను తుప్పుపడుతుంది. అదీగాక, నిజం చెప్పాలంటే, ఆమెకు కారు ఒక్కటే చాలదు. అతని చేత్తోనే తాళం ఇప్పించుకోవాలి. అందరూ చూస్తుండగా ఇప్పించుకోవాలి. గ్రౌండుకు పోయి సారయ్యతో, "తమ్మీ, చిన్న బండి సాలు. ఇగ పెద్దది నేర్పు. తెల్లగుంటది, పొడుగ్గుంటది" అంది.

దసరా నాడు పద్మలత, ఎల్లస్వామి పొద్దున్నే బస్సెక్కి నర్సంపేట పోయారు. వెంకట్రాజం ఇంటి ముందు ముగ్గులు, గడపకు మామిడాకులు. వదిన కళావతి ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చింది. లోపల మటన్ ఉడికే వాసన. వాకిట్లో తెల్లకారును కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ముందర బంతిపూల దండ వేశారు. చుట్టూ నలుగురైదుగురు మార్కెట్టు దోస్తులు. వాళ్లకు వెంకట్రాజం గొప్పలు చెబుతున్నాడు.

"ఫైనాన్సోళ్లు జర లొల్లి చేసిండ్రు. మేనేజర్‌కు ఒక్క ఫోన్ కొట్టిన. నెల రోజుల సంది గప్‌చుప్!"

పద్మలత పక్కనే నిలబడి విన్నది. ముఖం మీద ఒక్క గీత కదల్లేదు.

పూజకు ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పళ్లెంలో కుంకుమ, హారతి, వాటి పక్కన తాళంచెవి. వెంకట్రాజం పళ్లెం అందుకుని దోస్తుల వంక ఒకసారి చూసి చెల్లెలి చేతిలో పెట్టాడు. "నీ చెయ్యి మంచిది చెల్లే. నువ్వే పూజ చెయ్యి" అన్నాడు. ఫోన్‌లో తిట్టినందుకు ఇది పరిహారమని అతని లెక్క. ఇంత గౌరవం ఇస్తే ఆడది ఏదైనా మర్చిపోతుందని అతని నమ్మకం.

ఆమె హారతి ఇచ్చింది. కొబ్బరికాయ కొట్టింది. తాళంచెవి తీసి కళ్లకద్దుకుంది. "అన్నా, నేను బండి నేర్చుకున్న. నిమ్మకాయలు నేనే తొక్కిస్త" అంది.

"అబ్బో!" అన్నారు దోస్తులు. వెంకట్రాజం పకపకా నవ్వి, "తొక్కియ్యి, తొక్కియ్యి. గేటు దాక పోయి ఆపు. గోడకు గిట్ల కొట్టేవు" అన్నాడు. ఎల్లస్వామి అప్పటికే లోపల బగారన్నం ముందు కూర్చున్నాడు. అతనికి ఆమె ఏమీ చెప్పలేదు. చెబితే పోనీయే అంటాడని.

నిమ్మకాయలు చిట్లాయి. కారు గేటు దాకా పోయింది. గేటు దాటింది. వెంకట్రాజం చప్పట్లు కొడుతూ, "ఇగ ఆపు, ఆపు" అన్నాడు. కారు సందు మలుపు తిరిగింది. "రివర్స్ వస్తలేనట్టుంది" అన్నాడు ఒక దోస్తు. అందరూ నవ్వుతూ మలుపు దాకా నడిచారు. అక్కడ నుంచి చూస్తే వరంగల్ రోడ్డు మీద బంతిపూల దండ ఎగురుతూ తెల్లకారు మెల్లగా, చాలా మెల్లగా పోతోంది. సైకిలు మీద ఒకాయన దాన్ని దాటి పోయాడు. వెంకట్రాజం నవ్వు అప్పుడు ఆగింది.

ఫోన్ మీద ఫోన్ చేశాడు. పద్మలత ఎత్తలేదు. డ్రైవింగ్‌లో ఫోన్ ఎత్తొద్దని సారయ్య చెప్పాడు. హన్మకొండ దాకా రెండో గేరులోనే తోలింది. వాన లేకున్నా అద్దం తుడిచే కర్రలు అటూ ఇటూ ఆడుతూనే ఉన్నాయి. అవి ఎట్లా ఆపాలో ఆమెకు తెలియదు. వెనక లారీలు హారన్లు కొట్టాయి, తిట్టాయి. జీవితంలో ఎన్నడూ అంత సుఖంగా తిట్లు తినలేదు. ఇంటి ముందు బండి ఆపాక గానీ మొగుణ్ణి నర్సంపేటలో మరిచి వచ్చిన సంగతి గుర్తు రాలేదు. పాపం ఎల్లస్వామి చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా లేచి బస్సెక్కి వచ్చాడు. వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగి, "మటన్ మంచిగుండె" అన్నాడు, అంతే.

రెండు రోజులకు వెంకట్రాజం ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని దిగాడు. ఒకాయన యాకయ్య, వరసకు ఇద్దరికీ మామ. ఆ పక్క పంచాయితీలన్నీ ఆయనే చెబుతాడు. రెండో ఆయన యాకయ్య ఏమంటే దానికి తల ఊపడానికి వచ్చాడు.

"దొంగతనం చేసింది మామా! పండుగ పూట ఇంటికొచ్చి కారు ఎత్తుకపోయింది!" అన్నాడు వెంకట్రాజం.

"అట్లయితే ఠాణాకు పోదాం పా అన్నా" అంది పద్మలత. "నా బండిలనే తీస్కపోత. ఆర్సీ నా పేరు మీదున్నది, అప్పు నా పేరు మీదున్నది. అవెట్ల పడ్డయో నువ్వే చెప్పు పోలీసోళ్లకు. నేను గూడ వింట."

తేలు కుట్టిన దొంగ అరవలేడు. వెంకట్రాజం యాకయ్య వంక చూశాడు. యాకయ్య గొంతు సవరించుకుని, "తప్పు వానిదే బిడ్డా, కాదంటలే. కని ఎంతైన అన్న. పదిమందిల పరువు పోయింది. కారు ఇచ్చెయ్యి. ఇగ కిస్తీలు తప్పకుంట వాడే కడతడు, నేను చెప్తాన" అన్నాడు.

పద్మలత అందరికీ అన్నం పెట్టింది. తిన్నాక ఒక తెల్లకాగితం, పెన్ను తెచ్చి యాకయ్య ముందు పెట్టింది. "నీ మాట మీద ఇచ్చేస్త మామా. అన్న కట్టకపోతే మీరిద్దరు కడతమని రాసి సంతకం పెట్టుండ్రి. సాక్షి సంతకమే. పోయేదేముంది?"

యాకయ్య కాగితం వంక చూశాడు, పెన్ను వంక చూశాడు, గోడ మీది గడియారం వంక చూశాడు. నర్సంపేట బస్సుకు టైమైందని ఆయనకు అప్పుడే గుర్తొచ్చింది. రెండో ఆయన ఎప్పటిలాగే తల ఊపాడు. కార్లో వచ్చే అలవాటున్న వెంకట్రాజం ఆ ఇద్దరి వెనక బస్టాండుకు నడిచిపోతుంటే పద్మలత గుమ్మంలో నిలబడి సందు మలుపు దాకా చూసింది. పులుపు నోట్లో ఊరినట్టు సంతోషం ఊరింది ఆమెకు.

ఆ సాయంత్రం కళావతి ఫోన్ చేసింది. ఆమె తిట్టలేదు. "ఇగ రాఖీకి రాకు పద్మా. బతుకమ్మకు రాకు. ఇగ నీకు ఈడ పుట్టిల్లు లేదని చెప్పుమన్నడు" అంది. పద్మలత "సరే వదినా" అని పెట్టేసింది. ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకోలేదని ఎవరితో అన్నా అది అబద్ధమే. కానీ తన పేరును అమ్ముకుని కారెక్కినవాడి ఇల్లు తనకు ఎప్పుడు పుట్టిల్లయిందని ఎదురు ప్రశ్న వేసుకుంది. ఆ రాత్రి ఉల్లిగడ్డలు కూడా కోయలేదు.

దసరా సెలవులు ముగిసి మడికొండ ఆఫీసు తెరిచిన రోజు వచ్చింది. మొత్తం భోజనాలు మోయడం అదే మొదలు. వెనక సీట్లు మడిచి బాక్సులు పేర్చింది, పచ్చిపులుసు క్యాన్లు అడుగున పెట్టింది. ఒక క్యాను మూత వదులుగా ఉండి, వెంకట్రాజం ముచ్చటపడి వేయించిన మీగడ రంగు సీటు కవరు మీద ఎర్రటి మరక పాకింది. పద్మలత గుడ్డ తీసుకుంది గానీ తుడవలేదు. కాసేపు ఆ మరకను చూసి గుడ్డ పక్కన పడేసి స్టీరింగ్ ముందు కూర్చుంది. ఇంత చిల్లర సంతోషం ఎందుకమ్మా అని ఎవరైనా అడిగితే, రెండేళ్లు ఆ ఫోటోను గోడకు పెట్టుకున్నది నువ్వా నేనా అని అడిగేది.

బండి స్టార్ట్ చేసి తలెత్తేసరికి ఎదురుగా వెంకట్రాజం. చేతులు చాచి బానెట్ ముందు నిలబడ్డాడు. చొక్కాకు ఇస్త్రీ లేదు, గడ్డం వారం నుంచి గీసుకోలేదు. మార్కెట్లో దోస్తులు నిమ్మకాయల ముచ్చట చెప్పుకుని నవ్వుకుంటున్నారని, రైతులు అతని ముందే చిట్లిన నిమ్మకాయల గురించి అడుగుతున్నారని ఆమె చెవిన కూడా పడింది.

"తాళం ఇయ్యి!" అని అరిచాడు. "లేకుంటే నన్ను తొక్కిచ్చుకుంట పో! సూస్త, ఎట్ల పోతవో!"

రోడ్డు మీద మనుషులు ఆగారు. ఎల్లస్వామి షాపులోంచి పరుగెత్తుకొచ్చి, "పద్మా, ఆగే" అన్నాడు. వెంకట్రాజం కదల్లేదు. కదలాల్సిన అవసరం లేదని అతనికి నమ్మకం. ఏటేటా షాపు మూసుకుని వచ్చి చేతికి రాఖీ కట్టిన చెల్లెలు. ఏం చేస్తుంది? ఏడుస్తుంది, దిగుతుంది, తాళం ఇస్తుంది. అతని పెదాల మీద ఒక మూల చిన్న నవ్వు కూడా ఉంది.

పద్మలత హారన్ కొట్టలేదు. మొదటి గేరు వేసి క్లచ్ వదిలింది. కారు కదిలింది. వెంకట్రాజం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. బంపర్ అతని మోకాళ్లకు తగిలింది. ఆగలేదు. అప్పుడు అద్దంలోంచి అన్నాచెల్లెళ్లు ఒకరి కళ్లల్లోకి ఒకరు చూసుకున్నారు. అతని మొహంలో నవ్వు పోయి ఇంకేదో వచ్చింది. ఆమె కోరుకున్నది అదే. అతను ఒక్క దుముకు దుమికి పక్కకు పడ్డాడు. కాలి చెప్పు ఒకటి అక్కడే ఉండిపోతే దాని మీదుగా చక్రం ఎక్కి దిగింది.

మడికొండ వైపు మలుపు తిరిగేదాకా ఆమెకు నవ్వొస్తూనే ఉంది. ఆ తర్వాత బండి పక్కకు ఆపి స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది. అన్న భయపడ్డాడని కాదు. అతను దుమకకపోతే ఏమయ్యేదో ఊరికి తెలియదు, ఎల్లస్వామికి తెలియదు, వెంకట్రాజానికి కూడా తెలిసి ఉండదు. ఆమెకు తెలుసు. ఆమె కాలు బ్రేక్ మీద లేదు.

కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని బయల్దేరింది. వేళకు ముందే బాక్సులు టేబుల్ మీదికి చేరాయి. రాంచందర్ సార్ ఒక మూత తీసి వేడి చూసి, "రేపు కూడ గిట్లనే రావాలె అమ్మా" అన్నాడు.

"వస్త సార్" అంది పద్మలత.